బిలాస్‌పూర్ నక్కకి నా పిలుపు నచ్చలేదు

బిలాస్‌పూర్‌ని చూడటానికి ఎవరూ వెళ్ళరు. ఉద్యోగానికి వెళతారు, కోర్టు వాయిదాకి వెళతారు, రైలు మారడానికి దిగి రెండు గంటలు తిట్టుకుంటారు. నేను మాత్రం నక్కని పట్టడానికి వెళ్ళాను. ఎనభైల చివరి మాట. ఈ పని మీద ఆ ఊరు వచ్చిన మొదటి తెలుగువాణ్ణి నేనేనని మా బావ అంటాడు. చివరివాణ్ణి కూడా నేనే అయితే బాగుండునని ఆయన కోరిక.

నక్కలతో నాకున్న సంబంధం ఏపాటిదో ముందే ఒప్పుకోవడం మంచిది. బొబ్బిలి దగ్గర ఒక మండలాఫీసులో గుమాస్తాని. సాయంత్రాలు నాటకాలు. నా మొహం రంగుకి పనికిరాదని మా సమాజంవాళ్ళు తొలినాళ్ళలోనే తేల్చేశారు గనక తెర వెనకే ఉండేవాణ్ణి. శ్మశానం సీను వచ్చిందంటే లోపల్నుంచి నక్క కూత కూసేది నేనే. ఒకసారి పొలాల మధ్య పందిట్లో నేను కూస్తే, దూరంగా చెరుకు తోటలోంచి నిజం నక్క ఒకటి తిరిగి కూసింది. జనం ఈలలు వేశారు. ఆ ఒక్క నక్క చెప్పగా చెప్పగా నాలుగైంది, నాలుగు కాస్తా మందయింది. చివరికి ‘వాడు పిలిస్తే నక్కలొచ్చి కాళ్ళ దగ్గర కూచుంటాయి’ అనేదాకా వెళ్ళింది. నేను కాదనలేదు. నా తప్పు అదొక్కటే.

ఆ మాట అందరికంటే గట్టిగా నమ్మిన మనిషి మా అప్ప, అంటే మా అక్క. అప్పని బిలాస్‌పూర్ రైల్వే కాలనీకి ఇచ్చారు. బావ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళి రైల్లో చేరినాయన. బావ అక్కడే పుట్టి, అక్కడే గూడ్స్ బండి చివర బ్రేక్ వ్యాన్లో వెళ్ళే గార్డయ్యాడు. వాళ్ళ కూతురు పెళ్ళయి భిలాయ్‌లో ఉంది. ఆ ఏడాది అప్ప దగ్గర్నుంచి ఒక ఉత్తరం వచ్చింది.

‘ఒరే తమ్ముడూ, వానలో బ్రేక్ వ్యాను మెట్టు జారి మీ బావ కాలు ఇరిగినాది గదా. మళ్ళీ డ్యూటీ ఎక్కితే అమ్మోరికి పుంజునిస్తానని మొక్కీసినాను. ఎక్కినాడు. గాని మూడు పుంజుల్ని పెంచితే మూటినీ నక్క ఎత్తుకుపోనాది. అమ్మోరు నా మొక్కు ఒల్లనంటందేమో అని బెంగగా ఉంది. మీ బావ లైను మీదకెల్తే నాకు నిద్దర రాదు. పండగ దగ్గరకొచ్చీసింది. నాలుగో పుంజు ఉంది. నువ్వు నక్కల్ని పిలుస్తావు గదా. బేగి వొచ్చి దీన్ని పిలిచి పట్టుకుపో.’

సెలవు చీటీలో కారణం అన్నచోట ‘అక్కగారికి అస్వస్థత’ అని రాశాను. మా ఆఫీసరు చీటీ చూసి, నన్ను చూసి, నా కుర్చీ పక్కనున్న చేపల వల చూసి, సంతకం పెట్టాడు.

వలతో ప్రయాణం

వల మా వీధి చివర చేపలు పట్టే ఆయన దగ్గర అరువు. దానితోపాటు విద్య కూడా కొంత కావాలి కదా. బస్టాండు దగ్గర మూలికలు అమ్ముకుంటూ నక్కలు పట్టే ముసలాయన ఒకడుంటే, రెండు ప్లేట్ల ఇడ్లీ పెట్టించి నా కూత వినిపించాను. ఆయన ఓపిగ్గా విని, ‘ఇది నక్కలకి కాదు బాబూ, మనుషులకి. నక్క రావాలంటే కుందేలు పిల్ల ఏడుపు ఏడవాల’ అన్నాడు. ఏడ్చి చూపించాడు. నేనూ ఏడ్చాను. బస్సు కోసం నిలబడ్డ ఒకావిడ నా చేతిలో పావలా పెట్టింది.

వలని పక్కబట్టల్లో చుట్టి రైలెక్కాను. ఎండ ముదిరేసరికి పెట్టెలో చేపల వాసన మొదలైంది. ఒక్కొక్కరూ లేచి వెళ్ళిపోయారు. జనరల్ పెట్టెలో కాళ్ళు చాపుకుని రాయ్‌పూర్ దాకా పడుకుని వెళ్ళిన మనిషిని నేనొక్కణ్ణే అయ్యుంటాను. రాయగడలో ఎక్కిన చీపుళ్ళ వ్యాపారి ఒకాయన మాత్రం కదల్లేదు. ఆయనకి జలుబట. టిట్లాగఢ్‌లో నాకు వేడి వేడి బరా, అంటే మన గారెలే, కొనిపెట్టి, ఎక్కడికి, ఏం పని మీద అని అడిగాడు. చెప్పాను. వేళ్ళు మడిచి లెక్కపెట్టి, ‘ఒక నక్క కోసం రెండు రాష్ట్రాలు దాటి వెళ్తున్నారా’ అన్నాడు. అప్పటిదాకా నాకు ఆ లెక్క తట్టలేదు.

అప్ప ఇల్లు

క్వార్టరు రెండు గదులది. ముందు వరండా, వెనక పెరడు, పెరటి గోడ అవతల మురుగు కాలవ, తుప్పలు, ఆ తరవాత యార్డు పట్టాలు. వరండాలో ఒక నల్లటి రేకు పెట్టె. మీద తెల్లరంగుతో బావ పేరు. అది గార్డు లైన్ బాక్సు. జెండాలు, దీపం, రూలు పుస్తకం అన్నీ అందులోనే. మిగతా గార్డులు బాక్సుని స్టేషన్లోనే వదిలేస్తారట. బావ ఎవర్నీ నమ్మడు. డ్యూటీ దిగగానే పోర్టరు చేత సైకిలు మీద ఇంటికి తెప్పించుకుంటాడు.

‘వొచ్చీసినావా నాయినా!’ అని అప్ప నా భుజాలు పట్టుకుంది. మనిషి సగమైపోయింది, కళ్ళ కింద నల్లగా. వెంటనే పెరట్లోకి లాక్కెళ్ళి పుంజుని చూపించింది. గంప కింద ఎర్రగా, నిగనిగలాడుతూ, నా వైపు ఒక కన్నుతోనే చూసింది. దానికి కూడా నా సంగతి తెలిసినట్టుంది.

‘దీన్ని కాపాడీసినావంటే సాల్రా, ఇంకేటీ వొద్దు’ అంది అప్ప. అప్పుడే చెప్పేసి ఉండాల్సింది, నేను తెర వెనక నక్కని అని. ఆ మొహం చూసి చెప్పలేకపోయాను.

మర్నాడు పొద్దున్న టిఫినుకి పోహా అనే అటుకుల ఉప్మా, దాని మీద జిలేబీ. ఉప్పూ తీపీ ఒకే పొట్లంలో కట్టి రూపాయిన్నరకి ఇస్తారు. మా వైపు ఇలా పెడితే పెళ్ళివారు లేచిపోతారు. నేను రెండు పొట్లాలు తిన్నాను. బియ్యప్పిండితో చీలా అని అట్టు వేస్తారు, టమాటా పచ్చడితో అదీ బాగుంటుంది. నీళ్ళ మజ్జిగ మాత్రం అప్ప చేతిదే.

గూటాలు, తాడు కొనడానికి బావ స్కూటరు మీద బజారుకి తీసుకెళ్ళాడు. ఒకచోట హిందీ బోర్డు కూడబలుక్కుని చదివితే ‘తెలిపారా’ అని ఉంది. ఎవరికి, ఏం తెలపాలి అనుకున్నాను. అది పేట పేరట. తాళ్ళ దుకాణం సేఠ్ ఎంత బలమైన తాడు కావాలి, ఆవుకా గేదెకా అని అడిగాడు. బావ దూరంగా జరిగి బీడీ వెలిగించుకున్నాడు. నేను నా హిందీలో నక్కకి అన్నాను. సేఠ్ తాడు కోస్తున్నవాడల్లా ఆగి, పక్క దుకాణాల వాళ్ళిద్దర్ని పిలిచి, మళ్ళీ ఒకసారి చెప్పమన్నాడు. అయిదు రూపాయల తాడు నాలుగుకే ఇచ్చాడు.

పట్టిన నక్కని ఏం చెయ్యాలన్నది బావ ముందే తేల్చాడు. ‘సంపకూడదురా, అచ్ఛా? గోనెలో కట్టీసి నా బ్రేక్ వ్యాన్లో ఏసుకుని ఖోంగ్‌సరా అడివికాడ దింపీస్తాను. టిక్కెట్టు అడిగీవోడెవడు?’

మొదటి సాయంత్రాలు

పొద్దు వాలగానే వల పరిచి, బొగ్గుల కుప్ప వెనక నక్కి, కుందేలు పిల్ల ఏడుపు ఏడిచాను. మొదట కాలనీ కోళ్ళన్నీ గోల పెట్టాయి. తరవాత కుక్కలు. తరవాత పక్క క్వార్టరు బెంగాలీ ఆవిడ గోడ మీదుగా తొంగిచూసి, పసిబిడ్డని అలా ఏడిపించవచ్చా అని అప్పని హిందీలో కేకలేసింది. వల వాసనకి పిల్లులు వచ్చాయి. మొత్తం ఆరు. వాటిలో రెండు వలలో చుట్టుకుని ఒకదాన్నొకటి రక్కుకున్నాయి. విడదీయబోతే నన్ను రక్కాయి. నక్క రాలేదు.

రెండో సాయంత్రం నా సొంత విద్య బయటికి తీశాను. బొబ్బిలి చుట్టుపక్కల ఆడవాళ్ళని ఏడిపించిన కూత అది. గొంతు పగిలేలా కూశాను. పట్టాల అవతల తుప్పలు కదిలాయి. తాడు బిగించి పట్టుకున్నాను. కదలిక మావైపు కాకుండా అటు వైపు పోయింది.

‘వొస్తాదిలే, కొత్తకదా’ అంది అప్ప. ఆ ఓదార్పు నక్కకో నాకో తెలియలేదు.

సుఖీరాం వలలో పడటం

మూడోరోజు తెల్లవారుజామున పెరట్లో పెద్ద చప్పుడు, కేక. ‘పడిందిరోయ్!’ అని లుంగీ ఎగ్గట్టుకుని పరిగెత్తాను. వలలో ఖాకీ చొక్కా తొడుక్కున్న మనిషి ఒకడు దొర్లుతున్నాడు. చేతిలో పొడుగాటి పుస్తకం.

ఆయన పేరు సుఖీరాం. కాల్‌మేన్. గార్డుల ఇళ్ళకి వచ్చి, ఫలానా బండికి డ్యూటీ అని పిలిచి, ఆ పుస్తకంలో సంతకం పెట్టించుకుని వెళ్ళడం ఆయన ఉద్యోగం. ఛత్తీస్‌గఢీ మనిషే అయినా, ముప్పై ఏళ్ళుగా తెలుగు గార్డుల తలుపులు కొట్టి కొట్టి మా భాష మావాళ్ళలాగే మాట్లాడతాడు.

‘ఏటి బాబూ ఇది! సేపననుకున్నారేటి నన్ను?’ అన్నాడు వలలోంచే.

అప్ప గాభరాపడి ఆయన్ని లేపి, అరుగు మీద కూచోబెట్టి, చద్దన్నంలో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ వేసి పెట్టింది. వాళ్ళు దాన్ని బాసీ అంటారు. తినేతీరు మనదే. రెండు ముద్దలు తిన్నాక ఆయన కోపం దిగింది. ముందు తలుపు ఉండగా పెరటి దారిన ఎందుకొచ్చావని నేనడిగాను.

ఆయన బావ వైపు చూశాడు. బావ దగ్గాడు.

‘సెప్తాను బాబూ’ అన్నాడు సుఖీరాం. ‘నా పనీ పిలుపే గదా. కొత్త గార్డు నా సైకిలు గంట ఇంటే పరిగెట్టుకుని వొస్తాడు. పాతోడు అలక్కాదు. గంట ఇనీసరికి స్నానాల గదిలో దూరిపోతాడు. ఆడి పెళ్ళాం బయటికొచ్చి లేరు, ఊరెల్లినారు అంటాది. అలాటోడు పిలిస్తే దొరుకుతాడేటి? అందుకే నాను పిలవను. సైకిలు మలుపుకాడ వొదిలీసి నడిచొస్తాను. సెప్పులున్నాయా, బాక్సుందా సూస్తాను. ఉంటే ఎనక తలుపుకాడ కూకుంటాను. ఆడే బీడీకి బయటికొస్తాడు.’

‘మీ బావగారు ఎప్పుడూ ఇలగ సెయ్యనేదు. ఈ రెండు నెల్లబట్టే’ అని మెల్లిగా చేర్చాడు.

బావ తల వంచుకున్నాడు. ‘నాను ఎల్తానంటే మీ అప్ప మొకం ఎలగైపోతాదో నువ్వు సూణ్ణేదురా. ఆ మొకం సూసి ఎల్లబుద్ధి కాదు’ అన్నాడు.

అప్ప కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పటిదాకా నేను ఒక కోడిపుంజు కోసం వచ్చాననుకున్నాను. వీళ్ళిద్దరి సంసారం, బావ ఉద్యోగం కూడా ఆ గంప కిందే ఉన్నాయని అప్పుడు తెలిసింది. నాకు భయం వేసింది.

సుఖీరాం చెయ్యి కడుక్కుని నా కూతల సంగతి అడిగాడు. చెప్పాను. నవ్వాడు. ‘ఇక్కడి కోలిహా పిలుపుకి రాదు బాబూ’ అన్నాడు. కోలిహా అంటే వాళ్ళ భాషలో నక్క. ‘పూర్వం చకర్‌భాటా వైపు నుంచి వలలోళ్ళు వొచ్చి ఈ పట్టాలెంబడి కూతలు కూసి పట్టుకెల్లీవోరు. పిలుపుకి వొచ్చినవన్నీ ఎల్లిపోనాయి. రానివే మిగిలినాయి. వాటి పిల్లలే ఇవన్నీ.’

‘మరి అది ఏటి సూసుకుని వొస్తాది?’ అంది అప్ప. అని, తనే ఆగిపోయింది. ‘మూడు పుంజులూ ఈయన లైను మీదున్నప్పుడే పోనాయి.’

సుఖీరాం గుమ్మంలోంచి వరండా వైపు చెయ్యి చూపించాడు. నల్లటి బాక్సు బావ పేరుతో అక్కడ కూచుని ఉంది. అది ఉంటే మగమనిషి ఇంట్లో ఉన్నట్టు. లేకపోతే లేనట్టు. నేను మూడు రోజులు ఏడ్చి, కూసి, పిల్లుల చేత రక్కించుకుని కనిపెట్టలేనిది, కాల్‌మేన్ చద్దన్నం తింటూ కనిపెట్టాడు.

బాక్సు లేని వరండా

బావకి రెస్టు ఉన్న రోజు చూసి ఏర్పాటు చేశాం. పోర్టరు వచ్చి, నాలుగు వీధులకి వినిపించేలా సైకిలు గంట కొట్టుకుంటూ బాక్సుని తీసుకుపోయాడు. బావ వంటింట్లో పీట మీద కూచున్నాడు, దగ్గు రాకుండా బుగ్గన బెల్లం ముక్క పెట్టుకుని. మురుగు నీళ్ళు పోయే కంత దగ్గర వల. వల అవతల గంప కింద పుంజు. బొగ్గుల కుప్ప వెనక తాడు పట్టుకుని నేను. అప్ప కిటికీ వెనక. పిలుపు లేదు, కూత లేదు, నోరు మూసుకుని ఉండటమే నా వంతు. అప్ప మూడుసార్లు చెప్పింది.

పొద్దు గుంకుతుండగా వచ్చింది. బక్కపల్చగా, ఒక చెవి చివర చిరిగి ఉంది. కంతలోంచి తల పెట్టి ముందు పుంజుని చూడలేదు. ఇంటి పక్క సందులోంచి వరండా మూల కనపడుతుంది, అక్కడికి చూసింది. బాక్సు లేదు. ఒళ్ళు విదిలించుకుని లోపలికి వచ్చింది, సొంత ఇంటికి వచ్చినంత తాపీగా. వలకి రెండడుగులు. ఒక అడుగు వేసింది.

అప్పుడు కూశాను.

ఎందుకు కూశానని తరవాత చాలామంది అడిగారు. నిజం చెబుతాను. ఇరవై ఏళ్ళు తెర వెనక నిలబడి నక్కనైనవాణ్ణి. నా ఎదుట, నాకోసం కట్టినట్టున్న రంగస్థలం మీదకి, నిజం నక్క వచ్చి నిలబడింది. అది బాక్సు లేదని వచ్చిందంటే బొబ్బిలిలో ఎవరికి చెప్పుకోను? ఒక్క కూత, చిన్నది, నెమ్మదిగా. ‘పిలిచాను, వచ్చింది’ అని చెప్పుకోవడానికి చాలినంత. నా గొంతుకి చిన్నగా కూయడం అలవాటు లేదు.

నక్క నావైపు తిరిగింది. భయపడలేదు. టిక్కెట్టు కొన్నవాడు నాటకం బాగోలేదని లేచినట్టు, ఒక్క చూపు చూసి, వచ్చిన కంతలోంచే వెళ్ళిపోయింది. నేను తాడు లాగాను. వల బొగ్గుల బకెట్టునీ గంపనీ పట్టింది. పుంజు తప్పించుకుని వంటింటి కప్పెక్కింది.

అప్ప బయటికి వచ్చింది. తిట్టలేదు, అదే బాధ. ‘ఎందుకురా అరిచీసినావు? అదే వొస్తంది గదరా’ అని మెట్టు మీద కూచుని ఏడ్చింది. బావ బుగ్గలో బెల్లంతోనే నిచ్చెన వేసుకుని పుంజుని దింపాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రాత్రి అన్నం పెడితే అప్ప ఎదుట తలెత్తలేకపోయాను.

కూత డ్యూటీ

మర్నాడు సుఖీరాం ముందు తలుపు కొట్టి బావని పిలిచాడు. ఇంకో రెండు రోజులు ఒంట్లో బాగోలేదని చెప్పేద్దామని బావ నసిగాడు. అప్ప నోరు విప్పకముందే నేను, ‘వెళ్ళు బావా, పుంజుని నేను చూసుకుంటాను’ అన్నాను. ఎలా చూసుకుంటానో నాకే తెలియదు. బాక్సు ఈసారి నిజంగానే వెళ్ళింది. అప్ప పుంజుని తెచ్చి మంచం కోడుకి కట్టేసి, తలుపులన్నీ వేసి, నన్ను చూసి ఒక నిట్టూర్పు విడిచింది.

నేను లోపల కూచోలేకపోయాను. పొద్దు వాలుతుంటే పెరట్లోకి వెళ్ళి, ఎవరికోసమూ కాకుండా, కడుపు మంట తీరేలా కూశాను. ఏడుపు బదులు కూత వచ్చిందంతే.

తెల్లారేసరికి సుఖీరాం వచ్చాడు, ముఖమంతా నవ్వు. మూడు ఇళ్ళ అవతల ఒక బాతుని నక్క ఎత్తుకుపోయిందట. నన్ను పట్టాల గట్టుకి తీసుకెళ్ళి మెత్తటి మట్టిలో జాడ చూపించాడు. అడుగులు తిన్నగా మా పెరటి గోడ దాకా వచ్చి, అక్కడ ఆగి, వెనక్కి తిరిగి, చుట్టూ తిరిగి ఆ ఇంటికి వెళ్ళాయి.

‘బాక్సు లేదు, అయినా రానేదు. సూసినారా?’ అన్నాడు. ‘మీ కూత బాగా పనిసేస్తంది బాబూ. పిలవడానికి కాదు.’

పిలుపు వింటే పారిపోయిన నక్కల పిల్లలు అవి. వాటిని పిలిస్తే చాలు, రావు. ఇంత చిన్న సంగతి నా బుర్రకి ఎక్కడానికి ఒక వల, ఆరు పిల్లులు, ఒక కాల్‌మేను కావలసివచ్చాయి.

ఆ రోజు నుంచి నాకు డ్యూటీ పడింది. పొద్దు వాలేటప్పుడు ఒకసారి, తెల్లారేముందు ఒకసారి, పెరటి గోడ దగ్గర నిలబడి మూడేసి కూతలు. బెంగాలీ ఆవిడ గిన్నెడు రసగుల్లాలు తెచ్చి, తమ పెరటి వైపు మొహం తిప్పి కూడా రెండు కూయమని కోరింది. బాతు పోయినాయన నన్ను స్వయంగా వాళ్ళింటికి పిలిపించుకుని టీ ఇచ్చాడు. కాలనీ పిల్లలు హిందీలో ‘కోలిహా మామా’ అని పేరు పెట్టారు. జీవితంలో మొదటిసారి తెర లేకుండా కూస్తున్నాను. వినడానికి జనం ఉన్నారు. పనిలో పనిగా, రాకూడనిది రావడం లేదు.

అమ్మోరి పండగ

ఇక్కడి తెలుగువాళ్ళు పట్టాల అవతల రేకుల షెడ్డులో అమ్మోరిని నిలుపుకున్నారు. పండగ మన పద్ధతే. పసుపు రాసిన ఘటాలు, వేపమండలు, డప్పులు. తేడా ఏమిటంటే పెద్దవాళ్ళు తెలుగులో మొక్కుతారు, పిల్లలు హిందీలో అల్లరి చేస్తారు, డప్పులవాళ్ళు ఛత్తీస్‌గఢీలో దెబ్బలాడుకుంటారు. అమ్మోరికి అన్నీ వచ్చనుకుంటాను.

బావకి సెలవు దొరకలేదు. ముందురోజే బండి మీద వెళ్ళాడు. అప్ప ఘటం నెత్తిన పెట్టుకుని నడుస్తోంది. పుంజు నా చంకలో. ఊరేగింపు రైలు గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు పడింది. ఏదో గూడ్స్ వస్తోందట. డప్పులు ఆగాయి. మా ఊళ్ళో అమ్మోరు వస్తుంటే కలెక్టరు జీపైనా పక్కకి ఆగుతుంది. ఇక్కడ అమ్మోరే గూడ్స్ బండికి ఆగింది, అలవాటు ప్రకారం.

బొగ్గు పెట్టెలు ఒకటొకటే వెళ్ళాయి. అప్ప పెదవులు కదులుతున్నాయి, పెట్టెలు లెక్కపెడుతోందో దండం పెట్టుకుంటోందో. చిట్టచివర బ్రేక్ వ్యాను. దాని వెనక వసారాలో ఆకుపచ్చ జెండా పట్టుకుని బావ. ఆ బండి మీద వస్తాడని మాకెవరికీ తెలియదు, ఆయనకీ తెలియదట. మమ్మల్ని చూసి నోరు తెరిచాడు. జెండా చాపిన చెయ్యి అలాగే ఉంచి, రెండో చేత్తో అమ్మోరికి దండం పెట్టాడు. అప్పుడే పుంజు నా చంకలోంచి మెడ చాపి కూసింది. నా కూత కంటే బాగుంది.

అప్ప ఘటం కింద కన్నీళ్ళతో నవ్వింది. ‘ఎల్లిరండి’ అని పెద్దగా అరిచింది, వెళ్ళిపోతున్న బండి వైపు. రెండు నెలల తరవాత ఆయన్ని డ్యూటీకి నోరారా సాగనంపడం అదే మొదలని తరవాత చెప్పింది.

మొక్కు తీరింది. మధ్యాహ్నం కూర వడ్డించింది. పది రోజులు కాపలా కాసిన జీవిని ఎలా తినడమా అనుకున్నాను. మూడుసార్లు వడ్డించుకున్నాను. నా సున్నితత్వం ఆ పాటిది. చేతులు కడుక్కుని వచ్చేసరికి అప్ప గోడకి చేరగిలబడి నిద్రపోతోంది. బావ లైను మీదున్నాడు. ఎంగిలి గిన్నెలు చుట్టూ అలాగే ఉన్నాయి. నేను చప్పుడు కాకుండా వాటిని తీసి కడిగిపెట్టాను.

టేపు

బయల్దేరేముందు రోజు కూతురి టేపురికార్డరు బయటికి తీసింది అప్ప. ఇంకో రెండు పెట్టలు ఉన్నాయి, నువ్వెళ్ళిపోతే వాటి గతేమిటి అంది. సినిమా పాటల కేసెట్టు మీద నా కూతలు ఎక్కించాం. ఒకపక్క కుక్కరు ఈల వేసింది, ఒకచోట బావ దగ్గాడు, మధ్యలో అప్ప గొంతు ‘ఒరే, టీ సల్లారిపోతంది, తాగీసి కుయ్యి’ అని పడింది. మళ్ళీ ఎక్కిద్దామన్నాను. ‘ఉండనీ, నక్కకేటి తెలుస్తాది’ అంది.

స్టేషనుకి సుఖీరాం కూడా వచ్చాడు. బండి కదిలాక కాల్ బుక్కు కిటికీలోంచి చాపి, ‘సంతకం పెట్టండి బాబూ, డ్యూటీ దిగినారు’ అన్నాడు. పెట్టాను. ఆ వలతో తిరుగు ప్రయాణంలోనూ కాళ్ళు చాపుకునే వచ్చాను.

బొబ్బిలిలో నేనేమీ చెప్పలేదు. అయినా పది రోజుల్లో, నేను బిలాస్‌పూర్‌లో పన్నెండు నక్కల్ని రైలెక్కించానని ఊరంతా చెప్పుకుంది. ఈసారి మాత్రం కాదన్నాను. ఎవరూ నమ్మలేదు.

రెండు నెలలకి అప్ప ఉత్తరం వచ్చింది.

‘ఒరే తమ్ముడూ, మీ బావ కులాసా. సుఖీరాం ముందు తలుపే కొడతన్నాడు. నక్కకి తెలిసిపోనాదిరా అది టేపని. మొదట్లో దూరంగా ఉండీది. ఇప్పుడు గోడ మీదకొచ్చి కూకుని ఇంటంది. కుక్కరు ఈల దాకా ఇని, దిగి ఎల్లిపోతాది. పెట్టలు రెండూ ఎప్పుడో పోనాయి. అయినా రోజూ పొద్దోలితే ఏస్తన్నాను. మీ బావ లైను మీదున్న రోజు ఇంట్లో ఒకలున్నట్టుంటాది. గాని కేసెట్టు అరిగిపోనాది, నీ గొంతు బొంగురుగా వొస్తంది. వీలు సూసుకుని ఓపాలి రా.’

ఇరవై ఏళ్ళ నా రంగస్థల జీవితంలో, నా కూత వినడానికే రోజూ వచ్చి కూచునేవాళ్ళు ఇద్దరు దొరికారు. మర్నాడు ఆఫీసుకి వెళ్ళగానే సెలవు చీటీ రాశాను. కారణం అన్నచోట ఈసారి అబద్ధం ఆడలేదు. ‘మా అప్ప పిలిచింది’ అని రాశాను.